చనిపోయినవాడికి నడవడి పత్రం



చాలాకాలం తరువాత ఈ బ్లాగు తలుపు తీస్తున్నాను. ఛందస్సు గురించో, సమాసాల గురించో రాసి ఉంటాడనుకొని వచ్చినవారు మన్నించాలి. ఈసారి ఒక సినిమా గురించి, అంతకంటె ఎక్కువగా ఆ సినిమా చూసినవారు ఆడిన ఒక మాట గురించి రాస్తున్నాను. కోపంతోనే రాస్తున్నాను. కోపం వచ్చిననాడు కలం పట్టవద్దని మా గురువుగారు చెప్పేవారు. అందుకని చాలా రోజులు ఆగాను. కోపం తగ్గలేదు కాని, అందులో కొంత నా మీదికే తిరిగింది. అదీ చెబుతాను.

కిందటి వేసవిలో మా అబ్బాయి దగ్గర ఫ్రీమాంట్‌లో మూడు నెలలు ఉన్నాను. కాలిఫోర్నియాలోని ఆ ఊరు ఎంత తెలుగు ఊరో అక్కడికి వెళ్ళివచ్చినవారికి తెలుసు. సాయంత్రం ఎలిజబెత్ చెరువు చుట్టూ నడుస్తూంటే నాలుగడుగులకొక తెలుగు మాట వినబడుతుంది. మనుమల్ని ఆడించడానికి వచ్చిన నావంటి వృద్ధులందరికీ అదే రచ్చబండ. అక్కడ నాకు పరిచయమైనవారిలో బ్యాంకు అధికారిగా పదవీ విరమణ చేసిన ఒక పెద్దమనిషి ఉన్నారు. చదువుకున్నవారు, సౌమ్యులు, దైవభక్తి కలవారు.

ఒక శనివారం రాత్రి మా అబ్బాయి ‘ఫ్రూట్‌వేల్ స్టేషన్’ అనే చిత్రం పెట్టాడు. “నాన్నగారూ, మొన్న మనం బార్ట్ రైల్లో శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళాం కదా, దారిలో ఈ స్టేషన్ దాటాం” అన్నాడు. ఎనభై అయిదు నిమిషాల చిన్న చిత్రం. ముగిశాక ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు. మరునాడు చెరువు దగ్గర ఆ ప్రసక్తి తెచ్చాను. ఆ పెద్దమనిషి చల్లగా ఇలా అన్నారు:

“నేనూ చూశాను మాస్టారూ. వాడు జైలుకు వెళ్ళివచ్చినవాడండీ. గంజాయి అమ్మినవాడు. ఆ దర్శకుడు వాణ్ణి సత్యహరిశ్చంద్రుణ్ణి చేసి కూర్చోబెట్టాడు. అయినా తిన్నగా ఉన్నవాడికి పోలీసులతో పనేముంటుంది చెప్పండి?”

పక్కనున్న ఇద్దరూ తలలూపారు. నాకు వెంటనే సమాధానం తోచలేదు. తరగతి గదిలో పిల్లవాడెవడైనా అడ్డుప్రశ్న వేస్తే తడుముకోకుండా జవాబు చెప్పినవాణ్ణి, ఆనాడు నోరు పెగలక ఇంటికి వచ్చేశాను. ఈ టపా ఆయనకు నా జవాబు.

ముందు జరిగినది చెప్పాలి.

2009 జనవరి 1, తెల్లవారుజామున రెండు గంటలు దాటింది. నూతన సంవత్సర వేడుకలకు శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళి తిరిగివస్తున్న జనంతో బార్ట్ రైలు కిక్కిరిసి ఉన్నది. రైల్లో తగవు జరిగిందని కబురు వచ్చింది. ఓక్లండ్ నగరంలోని ఫ్రూట్‌వేల్ స్టేషన్‌లో రైలును ఆపి, బార్ట్ సంస్థకు చెందిన పోలీసులు కొందరు యువకులను ప్లాట్‌ఫారం మీద గోడ వారగా కూర్చోబెట్టారు. వారిలో ఒకడు ఆస్కార్ గ్రాంట్. ఇరవై రెండేళ్ళ నల్లజాతి యువకుడు, నాలుగేళ్ళ ఆడపిల్లకు తండ్రి. అతణ్ణి బోర్లా పడవేసి చేతులకు బేడీలు వేయబోతున్న సమయంలో జొహానెస్ మెసర్లీ అనే పోలీసు లేచి, తుపాకి తీసి, వీపు మీద కాల్చాడు. ఆస్కార్ దగ్గర ఏ ఆయుధమూ లేదు. రైల్లోని ప్రయాణికులు తమ సెల్‌ఫోన్లలో ఇదంతా చిత్రించారు. ఆ ఉదయమే ఆస్పత్రిలో అతడు కన్నుమూశాడు.

‘ఫ్రూట్‌వేల్’ అంటే పండ్ల లోయ. ఒకప్పుడు అక్కడ తోటలుండేవట. పేరులోని మాధుర్యానికీ ఆ రాత్రికీ ఉన్న దూరం తలచుకుంటే మనసు వికలమౌతుంది.

ఆ సమయంలో రయాన్ కూగ్లర్ చలనచిత్ర విద్యార్థి. సెలవులకు ఇంటికి వచ్చి ఉన్నాడు. అతడిదీ ఓక్లండే, అతడూ 1986లో పుట్టినవాడే. మన పిల్లలు ‘బ్లాక్ పాంథర్’ దర్శకుడిగా అతణ్ణి ఎరుగుదురు. ఆస్కార్ వయసే, ఆస్కార్ ఒంటి రంగే, ఆస్కార్ తిరిగిన వీధులే. ఆ వీడియోలో నేల మీద బోర్లా పడి ఉన్నవాడు తానే కావచ్చునన్న ఎరుక నుండి ఆ చిత్రం పుట్టింది. తీయడానికి పట్టినవి ఇరవై రోజులు. ఖర్చు పది లక్షల డాలర్ల లోపు. కాల్పుల ఘట్టాన్ని అదే స్టేషన్‌లో, అదే ప్లాట్‌ఫారం మీద, రైళ్ళు ఆగిపోయిన అర్ధరాత్రి వేళల్లో తీశారు. 2013 జనవరిలో సన్‌డాన్స్ ఉత్సవంలో న్యాయనిర్ణేతల బహుమతి, ప్రేక్షకుల బహుమతి రెండూ దీనికే వచ్చాయి.

చిత్రం మొదలుకావడమే ప్రయాణికులు తీసిన అసలు వీడియోతో మొదలవుతుంది. అంటే కథానాయకుడు చనిపోతాడని మనకు ముందే తెలుసు. ఆపైన చూపించేదంతా ఆ చివరి రోజు, 2008 డిసెంబరు 31. ఆనాడే అతడి తల్లి పుట్టినరోజు. కొడుకు దుకాణానికి వెళ్ళి ఆమె వంటకు పీతలు కొంటాడు, కూతుర్ని బడి నుండి తీసుకువస్తాడు. రాత్రి బయలుదేరేటప్పుడు తల్లి, కారులో వద్దు నాయనా, తాగి నడిపేవాళ్ళుంటారు, రైల్లో వెళ్ళండి అని సలహా ఇస్తుంది. నిజజీవితంలోనూ ఆ తల్లి ఆ సలహా ఇచ్చింది. బిడ్డ క్షేమం కోరి చెప్పిన మాటే బిడ్డను ఆ ప్లాట్‌ఫారానికి చేర్చింది. ఆస్పత్రిలో కొడుకు దేహాన్ని అద్దం అవతల నుండి చూస్తూ ఆ తల్లి తన సలహాను తానే నిందించుకుంటుంది. తల్లిగా నటించిన ఒక్టేవియా స్పెన్సర్ అక్కడ గుండెలు బాదుకోదు. ఆ నిగ్రహం ముందు నేను నిలువలేకపోయాను.

ఇక పెద్దమనిషిగారి మాటకు వస్తాను. అందులో మూడు ఆరోపణలున్నాయి. ఒక్కొక్కటే తీసుకుంటాను.

మొదటిది, దర్శకుడు వాణ్ణి సత్యహరిశ్చంద్రుణ్ణి చేశాడని.

అయ్యా, మీరు చిత్రం చూశారా, నిద్రపోయారా? ఆస్కార్ జైల్లో ఉండగా తల్లి చూడటానికి వచ్చిన ఘట్టం పూర్తిగా అందులో ఉన్నది. అక్కడ అతడు మరొక ఖైదీతో కలబడబోతాడు. తల్లి ఇక రానని లేచి వెళ్ళిపోతుంది. ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పకుండా దాస్తాడు. కట్టుకోబోయే పిల్లకు ద్రోహం చేసి దొరికిపోతాడు. తిరిగి పనిలోకి తీసుకోమని యజమానిని బతిమాలుతూ బతిమాలుతూ అతడి చేయి పట్టుకొని బెదిరించేదాకా వెళతాడు. గంజాయి అమ్మకమూ ఉన్నది. ఇంతకంటె ఏం చూపించాలి?

మన దశరూపకకారుడు నాయకులను నాలుగు విధాలుగా విభజించాడు. ధీరోదాత్తుడు, ధీరలలితుడు, ధీరప్రశాంతుడు, ధీరోద్ధతుడు. ఆస్కార్ ఈ నాలుగింటిలో ఎక్కడా ఇమడడు. ధీరత్వమే ఇంకా రాలేదు. రావడానికి వయసు చాలలేదు. మంచివాడు కావాలని డిసెంబరు 31న నిర్ణయించుకొని, జనవరి 1న మళ్ళీ తప్పటడుగు వేయగల సామాన్యుడు. మనమందరమూ అంతే కదా!

అయితే దర్శకుడి మీద నాకూ ఒక ఫిర్యాదు ఉన్నది. అది పెద్దమనిషిగారి ఫిర్యాదుకు సరిగ్గా ఎదురుదిశలో ఉన్నది. చిత్రంలో ఒకచోట కారు గుద్దిన వీధికుక్కను ఆస్కార్ చేతులతో ఎత్తి, రోడ్డు పక్కకు తెచ్చి, దాని ప్రాణం పోయేదాకా నిమురుతాడు. ఆ ఘట్టం ఆనాటి ఆస్కార్ జీవితంలో జరిగినది కాదు, కల్పన. దర్శకుడే ఆ సంగతి ఒప్పుకున్నాడు. విమర్శకులు కొందరు దీన్ని పట్టుకొని, చూశారా, వాణ్ణి దయామయుణ్ణి చేయడానికి అబద్ధమాడాడు అన్నారు.

నేను అడిగేది వేరు. ఆ కుక్క అవసరం ఎందుకు వచ్చింది? నిరాయుధుడై, నేల మీద బోర్లా పడి ఉన్నవాణ్ణి వెనుక నుండి కాల్చారు. చూసేవాడి కంట నీరు రావడానికి అది చాలదా? ఆ పైన అతడు కుక్కను కూడా ప్రేమించి ఉండాలా? చాలదని దర్శకుడికి అనుమానం వచ్చింది. మన పెద్దమనిషిగారి వంటివారు సినిమాహాలు నిండా కూర్చుంటారని అతడికి తెలుసు. వారు చేయి చాచి అడగకముందే ఒక నడవడి పత్రం రాసి చేతిలో పెట్టాడు. ఆ కుక్క నడవడి పత్రం. చిత్రంలో నాకు నచ్చని ఒకే ఒక దోషం అది. ఆ దోషానికి సగం కారకులం చూసే మనమే.

ఆదికావ్యం ఎలా పుట్టిందో బడిపిల్లవాడికి కూడా తెలుసు. తమసా తీరంలో క్రౌంచ మిథునంలో మగపక్షిని వేటగాడు కొట్టాడు. నేల మీద పడి కొట్టుకుంటున్న దాన్ని చూసి, జతపక్షి ఏడుపు విని, వాల్మీకి శోకం శ్లోకమైంది. మన సాహిత్యమంతా ఆ క్షణం నుండి మొదలైందని నేను ముప్ఫై నాలుగేళ్ళు పాఠం చెప్పాను. ఆ పక్షి మంచిదా, చెడ్డదా? వేరొక గూట్లో గింజలు దొంగిలించిందా? వాల్మీకి విచారించలేదు. పక్షి పడిపోయింది, జతపక్షి ఏడ్చింది. అంతే. కరుణరసానికి స్థాయి శోకం. పోయినవాడి యోగ్యత దానికి స్థాయి అని ఏ లాక్షణికుడూ చెప్పలేదు. ఈ మాట పరీక్షల్లో అయిదు మార్కులకు రాయించిన నాబోటివాళ్ళమే, జీవితంలో పక్షి పడినప్పుడు ముందుగా దాని చరిత్ర అడుగుతున్నాం.

రెండవ ఆరోపణ, వాడు జైలుకు వెళ్ళివచ్చినవాడని.

నిజమే, వెళ్ళివచ్చాడు. అంటే ఏమిటి? చేసిన తప్పుకు న్యాయస్థానం విధించిన శిక్ష అనుభవించి బయటికి వచ్చాడు. ఆ లెక్క తీరిపోయింది. తీరిన అప్పుకు మళ్ళీ వడ్డీ కట్టమని ఏ బ్యాంకూ అడగదు. ఈ సంగతి పెద్దమనిషిగారికి నాకంటె బాగా తెలియాలి. పైగా కాల్చిన మనిషికి ఆ క్షణాన ఆస్కార్ పూర్వచరిత్ర తెలిసి కాల్చలేదు. కోర్టులో అతడి వాదన కూడా అది కాదు. విద్యుత్తుతో షాకు కొట్టే టేజర్ అనే ఆయుధం తీయబోయి, పొరపాటున తుపాకి తీశానన్నాడు.

సరే, ఆ వాదన గతి ఏమైందో చూద్దాం. విచారణను ఓక్లండ్ నుండి లాస్‌ఏంజెలిస్‌కు మార్చారు. జ్యూరీలో నల్లజాతివారు ఒక్కరూ లేరు. 2010 జూలై 8న జ్యూరీ హత్యానేరాన్ని కొట్టివేసి, ఉద్దేశపూర్వకం కాని నరహత్య అని తేల్చింది. తుపాకి వాడినందుకు అదనపు శిక్షకు వీలిచ్చే అంశాన్ని కూడా జ్యూరీ ఖరారు చేసింది కాని, న్యాయమూర్తి దాన్ని పక్కన పెట్టేశారు. పడిన శిక్ష రెండేళ్ళు. 2011 జూన్‌లో అతడు విడుదలయ్యాడు. సెల్‌ఫోన్లతో ఎందరో చిత్రించిన మరణానికి అతడు గడిపిన కారాగారవాసం దాదాపు ఒక ఏడాది మాత్రమే.

బార్ట్ సంస్థ ఒక న్యాయవాద సంస్థ చేత 2009లోనే విచారణ నివేదిక రాయించుకున్నది. అది కత్తిరింపులు లేకుండా లోకానికి తెలిసింది 2019లో, అంటే పదేళ్ళ తరువాత. ఆ ప్లాట్‌ఫారం మీద గొడవ ముదరడానికి మరొక పోలీసు ఆంథొనీ పిరోన్ దుందుడుకుతనం ముఖ్య కారణమని అందులో రాసి ఉన్నది. వీడియోను బట్టి చూస్తే మెసర్లీ తీయబోయినది టేజర్ కాదు, తుపాకియే అన్న అభిప్రాయమూ అందులో ఉన్నది. కేసును తిరిగి పరిశీలించిన జిల్లా ప్రాసిక్యూటర్, పిరోన్ మీద అభియోగం మోపడానికి చట్టం అనుమతించదని 2021 జనవరిలో ప్రకటించారు.

అదే 2021 ఏప్రిల్‌లో మిన్నెసోటాలో ఒక మహిళా పోలీసు టేజర్, టేజర్ అని అరుస్తూనే తుపాకితో కాల్చింది. డాంటే రైట్ అనే ఇరవై ఏళ్ళ యువకుడు చనిపోయాడు. ఆమెకు పడిన శిక్షా రెండేళ్ళే. ఒకసారి జరిగితే పొరపాటు అనుకుందాం. పన్నెండేళ్ళ తరువాత అదే పొరపాటు, అదే రంగు మనిషి మీద జరిగితే దాన్ని ఏమనాలి? వ్యాకరణంలో మేము అపవాద సూత్రం అంటాం, అరుదుగా వచ్చేదాన్ని. పదే పదే వచ్చేదాన్ని అపవాదమనరు.

ఇన్ని వాస్తవాలలో ఎక్కడైనా ఆస్కార్ జైలుకు వెళ్ళిన విషయానికి చోటున్నదా? లేదు. కాని జనం నోట మొదట వచ్చినది అదే. చిత్రం విడుదలైన మరునాడు, 2013 జూలై 13న, ఫ్లోరిడాలో ట్రేవాన్ మార్టిన్ అనే పదిహేడేళ్ళ కుర్రవాణ్ణి కాల్చిన వ్యక్తి నిర్దోషిగా విడుదలయ్యాడు. కాల్చినవాడు పోలీసు కాదు, పేటకు కాపలా తిరిగేవాడు. అక్కడా చచ్చిపోయిన పిల్లవాణ్ణి బడి నుండి ఎప్పుడు సస్పెండ్ చేశారో తవ్వి తీశారు. బడిపంతులుగా ఈ మాట నన్ను ముల్లులా గుచ్చింది. బడిలో చేసిన తప్పుకు బడి శిక్ష వేస్తుంది. ఆ చీటీ తీసుకొని శ్మశానానికి ఎవరు వస్తారు?

మూడవ ఆరోపణ, తిన్నగా ఉన్నవాడికి పోలీసులతో పనేమిటని.

దీనికి జవాబు మన ఇంట్లోనే ఉన్నది. 2023 జనవరి 23న సియాటిల్‌లో మన కర్నూలు జిల్లా నుండి చదువుకోవడానికి వెళ్ళిన అమ్మాయి ఒకామె వీధి దాటుతూంటే పోలీసు కారు గుద్ది చంపింది. గంటకు 25 మైళ్ళకు మించకూడని వీధిలో ఆ కారు 74 మైళ్ళ వేగంతో వచ్చింది. ఆ పిల్ల వయసు ఇరవై మూడు. తిన్నగా ఉన్నదా లేదా? మరొక పోలీసు ఆ రాత్రి ఫోనులో మాట్లాడుతూ, పదకొండు వేల డాలర్లకు చెక్కు రాస్తే సరిపోతుందని, ఆమెకున్న విలువ పరిమితమేనని నవ్వాడు. అతడి ఒంటి మీది కెమెరా ఆ మాటలను పట్టేసింది. ఆ ఏడాది సెప్టెంబరులో అవి బయటపడ్డాక మన తెలుగువారందరం భగ్గుమన్నాం. మండవలసిందే. తరువాతి ఏడాది ఆ నవ్విన పోలీసు ఉద్యోగం పోయింది.

కాని మన కోపం దేని మీద? ఒక మనిషి ప్రాణానికి ఎవడో విలువ కట్టాడన్నదాని మీద. ఒప్పుకుంటారా? మరి చెరువు గట్టు మీద మనం చేసినదేమిటి? జైలుకు వెళ్ళాడు, ఇంత తగ్గింపు. గంజాయి అమ్మాడు, మరికొంత తగ్గింపు. మిగిలినది ఎంత? పరిమితమైన విలువ. ఆ పోలీసు ఫోనులో అన్న మాటనే మనం సౌమ్యంగా, నడకజోళ్ళు వేసుకొని, మంచి తెలుగులో అన్నాం. మన పిల్లకు కట్టినప్పుడు దుర్మార్గమైన తూకం, ఆస్కార్‌కు కట్టినప్పుడు న్యాయమెలా అవుతుంది?

ఇప్పుడు నా వంతు. కోపంలో కొంత నా మీదికే తిరిగిందన్నాను కదా.

2019 నవంబరులో హైదరాబాదు శివార్లలో ఒక పశువైద్యురాలిపై జరిగిన ఘోరం మీరెవరూ మరచిపోయి ఉండరు. డిసెంబరు 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి వద్ద నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ ఉదయం నేను కాఫీ తాగుతూ టీవీ చూసి, “మంచి పని చేశారు” అన్నాను. ఆ మాట మా ఆవిడ విన్నది, మనుమరాలూ విన్నది. ఆ నలుగురి నేరం గురించి ఏ న్యాయస్థానమూ ఇంకా ఒక్క మాట చెప్పలేదు. నా నోట మాత్రం తీర్పు వచ్చేసింది.

సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో వెలుగు చూసింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లని కమిషన్ తేల్చింది. మైనర్లు! అంటే నా తరగతి గదిలో వెనుక బల్ల మీద కూర్చునే ఈడు పిల్లలు. ఆ ఆడబిడ్డకు జరిగినది తలచుకుంటే ఇప్పటికీ రక్తం ఉడుకుతుంది. నేరం వారిదే అయితే న్యాయస్థానంలో రుజువు చేసి శిక్షించాలి. రుజువు చేసే బాధ్యత నుండి పోలీసులను తప్పించినది పూలు చల్లిన చేతులు, “మంచి పని చేశారు” అన్న నోళ్ళు. వాటిలో ఒక నోరు నాది. కనుక పెద్దమనిషిగారిని తిట్టే హక్కు నాకు తక్కువే. ఆయన అన్నమాటే నేను అంతకుముందు అన్నాను. ఓక్లండ్ కుర్రవాడి కథ చూశాక గాని అది నాకు వినబడలేదు.

మరొకటి కూడా చెప్పి తీరాలి. బడి విడిచిపెట్టే పిల్లలకిచ్చే టీసీలో ‘ప్రవర్తన’ అని ఒక గడి ఉంటుంది. దాన్ని నింపే పని క్లాసు టీచరుగా నా మీద పడేది. దాదాపు అందరికీ ‘సంతృప్తికరం’ అని రాసేవాణ్ణి. ఒక్క పిల్లవాడికి మాత్రం, తోటివాణ్ణి రక్తం వచ్చేలా కొట్టాడన్న కోపంతో, ‘సంతృప్తికరం కాదు’ అని రాశాను. వాడి తండ్రి మగ్గం నేసే మనిషి. వరండాలో నిలబడి, “ఒక్క మాట తీసేయండయ్యా, పిల్లోడి బతుకు” అన్నాడు. నేను మార్చలేదు. నిజం రాశానని గర్వపడ్డాను. ఆ కాగితం పట్టుకొని వాడు ఏ కాలేజీకీ వెళ్ళలేదని తరువాత తెలిసింది. పదిహేనేళ్ళ పిల్లవాడు ఒకనాడు చేసిన పనిని వాడి పేరుగా మార్చివేయడానికి నాకు రెండు మాటలు సరిపోయాయి. అందుకే ఆ గడి బలమెంతో నాకు తెలుసు. బతికి ఉన్నవాడికే అది అంత పని చేస్తే, మాట్లాడలేని చనిపోయినవాణ్ణి ఏం చేస్తుంది?

కొందరు మిత్రులు అంటారు: పోలీసు ఉద్యోగం మీకేం తెలుసు మాస్టారూ, అర్ధరాత్రి తాగినవాళ్ళ గుంపు మధ్య క్షణంలో నిర్ణయం తీసుకోవాలి అని. కష్టమైన ఉద్యోగమే. కాదనను. ఆ కష్టానికి తగిన శిక్షణ ఇవ్వాలి, తగిన జీతం ఇవ్వాలి, తప్పు చేసినప్పుడు తగిన విచారణా జరగాలి. ఆస్కార్ మరణం తరువాత బార్ట్ పోలీసుల మీద ఫిర్యాదులు పరిశీలించడానికి స్వతంత్ర అధికారిని, పౌరులతో కూడిన సంఘాన్ని ఏర్పాటు చేశారు. వీధుల్లోకి వచ్చి, ఆ కుర్రవాడి నడవడితో మాకు నిమిత్తం లేదు, జరిగినదానికి జవాబు చెప్పండి అని అడిగినవారి వల్ల వచ్చిన మార్పు అది. నడవడి చర్చ పెట్టుకొని కూర్చుంటే అదీ వచ్చేది కాదు.

వాలివధ చెప్పేటప్పుడు పిల్లలు ప్రతి ఏడూ ఒకే ప్రశ్న వేసేవారు: చెట్టు చాటు నుండి కొట్టవచ్చునా సార్ అని. వాలి తప్పు చేసినవాడని వాళ్ళకు తెలుసు. తమ్ముడి భార్యను చెరపట్టాడని తెలుసు. అయినా అడిగేవారు. కొట్టినవాడు సాక్షాత్తు శ్రీరాముడు. అయినా ఆదికవి వాలి నోరు నొక్కలేదు. నేలకొరిగినవాడి చేత సూటిగా ప్రశ్నింపజేశాడు, కొట్టినవాడి చేత సమాధానం చెప్పించాడు, తార చేత ఏడిపించాడు. అవతారపురుషుడికే తప్పని జవాబుదారీ ఒక రైల్వే పోలీసుకు తప్పుతుందా? ఏడవ తరగతి పిల్లలకు అర్థమైన ధర్మసూక్ష్మం, డెబ్బైకి చేరువైన మనకు ఎందుకు అర్థం కాదు?

తిరుగు ప్రయాణానికి ముందు మరొకసారి ఆ రైలెక్కాను. హేవర్డ్, శాన్ లియాండ్రో, కొలీజియం దాటి ఫ్రూట్‌వేల్ వచ్చింది. 2019లో ఆ స్టేషన్ పక్కనున్న దారికి ఆస్కార్ పేరు పెట్టారు, గోడ మీద అతడి బొమ్మ చిత్రించారు. తలుపులు తెరుచుకున్నాయి. ప్లాట్‌ఫారం మీద ఒక నల్లజాతి యువకుడు చంకలో పాపతో నిలబడి ఉన్నాడు. రైలెక్కి నా ఎదుట కూర్చున్నాడు. పాప నా చేతికర్ర వైపు చూసి చేయి చాచింది. కర్ర ఇచ్చాను. ఆ యువకుడు ఎవరో, ఏం చేస్తాడో, ఏం చేసి వచ్చాడో నాకు తెలియదు. తెలుసుకోవాలని అనిపించలేదు.

విభేదించేవారు నిస్సంకోచంగా వ్యాఖ్య రాయండి, జవాబు ఇస్తాను. సినిమాలో లోపాలు ఎత్తిచూపండి, నా తెలుగులో తప్పులు దిద్దండి. ఒక్కటే మనవి. ఆ కుర్రవాడు ఎటువంటివాడో మాత్రం రాయకండి. ఆ గడి నేను నింపను, మిమ్మల్నీ నింపనివ్వను.